ఈ గాలి ఎటు పోతోంది?

2022 జులై. పనిలోంచి షార్జా రోలాలోని మా గదికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. స్నానానికి లైనులో నిలబడ్డామో లేదో ఫోను మోగింది. షాపు యజమాని. "ఆ మిషన్ మళ్లీ ఆగిపోయిందట. రేపు పొద్దున్నే ఇద్దరూ అక్కడికి వెళ్లండి. ఈసారీ బాగు కాకపోతే పార్టీ డబ్బు వెనక్కి అడుగుతున్నాడు. ఆ నాలుగు వేలూ మీ జీతాల్లోంచే కోస్తా" అన్నాడు. మేం ఏదో చెప్పబోయేలోపు పెట్టేశాడు.

మేమిద్దరం బర్ దుబాయ్‌లో, జనం కంప్యూటర్ స్ట్రీట్ అని పిలుచుకునే ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు పక్క సందులో, ఒక చిన్న షాపులో పనిచేసేవాళ్లం. ఒకరిది రాజోలు, ఒకరిది కడప జిల్లా. కంప్యూటర్లు బిగించడం, రిపేరు చేయడం, డెలివరీ ఇవ్వడం అన్నీ మా పనే. జీతం చెరి రెండువేల రెండొందల దిర్హాములు. కడప తమ్ముడి చెల్లెలి పెళ్లి శ్రావణంలో పెట్టుకున్నారు. ఆ నెల జీతం మొత్తం ఇంటికి పంపాలి. నాలుగు వేలు కోత అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు, ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలిసిన లెక్కే.

ఆ మిషన్ మామూలు కంప్యూటర్ కాదు. దేరాలో విల్లాల బొమ్మలు గీసే ఒక డిజైన్ ఆఫీసు కోసం బిగించింది. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో ఫొటో తీసినట్టు చూపించాలంటే కంప్యూటర్ రాత్రంతా లెక్కలు కడుతూనే ఉండాలి. దాంట్లో ఇంటెల్ 12వ తరం ఐ9 ప్రాసెసర్ పెట్టాం. పూర్తి వేగం మీద ఉన్నప్పుడు అదొక్కటే 241 వాట్లు తాగుతుంది. పక్కనే గ్రాఫిక్స్ కార్డు ఇంకో 350 వాట్లు. రెండూ కలిపితే దాదాపు 600 వాట్లు. చిన్న ఇస్త్రీపెట్టెను ఒక రేకు డబ్బాలో పెట్టి రాత్రంతా వేసి ఉంచినట్టే. అందుకని ప్రాసెసర్‌కు నీళ్లతో చల్లబరిచే సెట్టు బిగించాం.

నీళ్లు చేసే పని

నీళ్ల సెట్టు అనగానే ఫ్రిజ్‌లాంటిదేదో అనుకుంటారు. అది కాదు. ప్రాసెసర్ మీద రాగి పళ్లెం ఒకటి, దాన్ని అంటుకుని చిన్న పంపు, రెండు రబ్బరు గొట్టాలు, వాటి చివర రేడియేటర్. కారులో, ట్రాక్టర్‌లో ఉండేదే, కాకపోతే చిన్నది. రాగి పళ్లెం దగ్గర వేడెక్కిన నీళ్లు గొట్టంలోంచి రేడియేటర్‌కు పోతాయి, అక్కడ వేడిని వదిలేసి మళ్లీ పళ్లెం దగ్గరికొస్తాయి. కొత్త సంగతి కూడా కాదు. 1960ల్లోనే ఐబీఎం తన సిస్టమ్/360 మోడల్ 91 లాంటి గదంత కంప్యూటర్లను నీళ్లతో చల్లబరిచింది.

నీళ్లెందుకంటే, అంతే పరిమాణంలో ఉన్న గాలి కంటే అవి దాదాపు మూడున్నర వేల రెట్లు ఎక్కువ వేడిని మోస్తాయి. అరచేతిలో సగం కూడా లేని చిప్ దగ్గర పుట్టిన మంటను, జానెడు దూరంలో ఉన్న మూరెడు రేడియేటర్ మీద పరిచేస్తాయి. అంతవరకే వాటి పని. ఆ తర్వాత వేడిని తీసుకుపోవాల్సింది గాలే.

ఈ మాట మాకు నోటికి తెలుసు. దాన్ని అర్థమయ్యేలా చెప్పింది మాత్రం మా గదిలో కింది మంచం అన్న. జగిత్యాల ఆయన ఊరు. మేమంతా జగిత్యాలన్న అంటాం. పదిహేడేళ్లుగా ఏసీ మెకానిక్. ఆ రాత్రి మా మొహాలు చూసి అడిగి, కథంతా విన్నాడు.

"నీళ్లు ఏం జేస్తయ్ తమ్మీ, మోస్తయ్, అంతే. హమాలీ పని. బస్తా దించెతానికి జాగ లేకుంటే హమాలీ ఏం జేస్తడు? మోసుకుంట మోసుకుంట తిరుగుతడు" అన్నాడు.

దుబాయ్‌లో పెద్ద పెద్ద టవర్లకు చల్లటి నీళ్లు నేల కింద పైపుల్లో ఎక్కడినుంచో వస్తాయి. ఆ నీళ్లు బిల్డింగులోని వేడిని మోసుకుని తిరిగిపోతాయి. ఆయన రోజూ చేసే పనే అది. మా కంప్యూటర్ ఆయన కంటికి ఒక బుల్లి టవర్‌లా కనిపించింది.

మేం చేసిన రెండు తప్పులు

మొదటిసారి మిషన్ వెనక్కొచ్చింది వేడి గురించి కాదు, చప్పుడు గురించి. రేడియేటర్‌ను కేసు ముందు భాగంలో నిలువుగా, గొట్టాలు పైకి వచ్చేలా బిగించాం. ఇలాంటి సెట్టులో నీళ్లతో పాటు కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది. అది పైకి చేరుతుంది. మేం పెట్టిన పద్ధతిలో పైన ఉన్నది గొట్టాల మూతే కాబట్టి, నీళ్లూ గాలీ కలిసి హుక్కా పీల్చినట్టు గుడగుడమని చప్పుడు. గొట్టాలు కిందికి ఉండేలా తిప్పితే గాలి పైన తొట్టిలో ఓ మూల పడి ఉంటుంది, ఎవరి జోలికీ రాదు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాం. మొత్తం సెట్టులో పంపు అన్నిటికంటే ఎత్తున ఉండకూడదు. ఉంటే ఆ గాలి పంపులోకే చేరి, నీళ్లు తిరగక పంపు పాడవుతుంది.

గొట్టాలు కిందికి తిప్పుదామంటే ఆ కేసులో అవి అందలేదు. సరే అని రేడియేటర్‌ను కేసు పైకప్పుకు మార్చాం. మూడు ఫ్యాన్లు కింద నుంచి గాలిని పైకి తోస్తాయి, అది రేడియేటర్‌లోంచి దూరి బయటికి పోతుంది. ముందున్న మూడు ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగుతాయి. వెనక ఒకటి బయటికి తోస్తుంది. లెక్క బాగానే ఉంది.

రెండో వారంలో మళ్లీ వచ్చింది. ఈసారి వేడి. 95 డిగ్రీలు చూపిస్తోంది. ఆ ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అయినా వేడి ఆగకపోతే మిషన్ ఆగిపోతుంది. పేస్టు మార్చాం. పంపు చూశాం, తిరుగుతోంది. ఎవరో చెప్పారని రేడియేటర్‌కు పైన కూడా ఇంకో మూడు ఫ్యాన్లు పెడదామని మా సొంత డబ్బు 180 దిర్హాములతో కొన్నాం. కింద తోసేవి, పైన లాగేవి, రెండువైపులా అన్నమాట. తీరా చూస్తే ఆ కేసులో పట్టనే లేదు. డబ్బా విప్పేశామని అమ్మినవాడు వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ మా మంచం కింద ఉన్నాయి.

అసలు సంగతి టిష్యూ పేపరు ముక్కతో తెలిసింది. అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది కానీ, షాపులో పొగ అలారం ఉంది. దాన్ని మోగించామంటే ఆ నాలుగు వేలు చాలవు. టిష్యూ పేపరును సన్నగా చింపి రేడియేటర్ పైన ఒక్కో ఫ్యాను దగ్గర పట్టుకున్నాం. మొదటి దాని దగ్గర పైకి ఎగిరింది. మూడో దాని దగ్గరా ఎగిరింది. మధ్యలో దాని దగ్గర కిందికి అంటుకుపోయింది.

మధ్య ఫ్యాను తిరగబడి ఉంది. పక్క రెండూ బయటికి తోసిన వేడి గాలిని ఇది పైనుంచి పీల్చి మళ్లీ లోపలికి పంపుతోంది. రాత్రి పదిగంటలకు, ఆకలి మీద, తొందరలో బిగించిన పని. మాలో ఎవరు బిగించారో చెప్పం. రెండు జతల చేతులూ ఉన్నాయి అందులో.

కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కోసం: మామూలు ఫ్యానుకు ఒకవైపు మోటారును పట్టి ఉంచే కడ్డీలు ఉంటాయి. గాలి ఆ కడ్డీలున్న వైపు నుంచే బయటికి వస్తుంది. కొన్నిటి అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. కరెంటు ఇచ్చాక ప్రతి ఫ్యానునూ కాగితం ముక్కతో ఒకసారి చూసుకోండి. అర నిమిషం పని.

ఫ్యాను తిప్పేశాక షాపులో 82కి దిగింది. షాపు గది 22 డిగ్రీలు. రెండు గంటలు పూర్తి వేగం మీద నడిపి, ఫొటో తీసి, డెలివరీ ఇచ్చాం. ఆ ఆలస్యానికి యజమాని 350 దిర్హాములు కోశాడు. తప్పు మాదే కాబట్టి నోరెత్తలేదు. వారం తిరక్కుండా ఆ రాత్రి ఫోను వచ్చింది.

ఎక్కడిదా గాలి?

పొద్దున్నే జగిత్యాలన్న కూడా మాతో బయల్దేరాడు. ఆయనకు ఆ రోజు సెలవు. సంచిలో స్క్రూడ్రైవర్ కూడా లేదు, పొడుగు తీగ ఉన్న థర్మామీటరు ఒక్కటే. బస్సులో కూర్చుని ఒకటే ప్రశ్న. "గా మిషన్‌కు గాలి ఎటుకెళ్లి వస్తంది, ఎటు పోతంది?" కేసులో ముందు నుంచి వస్తుంది, పైనుంచీ వెనక నుంచీ పోతుంది అన్నాం. "అది డబ్బా ముచ్చట. డబ్బా బయట సంగతి జెప్పుండ్రి" అన్నాడు. మాకు తెలియదు. డెలివరీ ఇచ్చినప్పుడు రిసెప్షన్‌లో దించి సంతకం తీసుకుని వచ్చేశాం.

ఆఫీసుకు వెళ్లి చూస్తే మిషన్ కనపడలేదు. మంచి నల్ల చెక్క టేబుల్, దాని పక్కన అదే చెక్కతో చేసిన అర. అరకు తలుపు. తలుపు తీస్తే లోపల మా మిషన్. పైన చెక్క, వెనక గోడ, పక్కలా చెక్క. వైర్లు పోవడానికి వెనక అరచేయంత రంధ్రం. అందంగా కనపడాలని అలా పెట్టించారట. అక్కడి ఇంజనీరు మంచివాడే, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "షాపులో బాగుంటుంది, ఇక్కడ పెడితే చెడిపోతుంది, ఎలా?" అని మాత్రం అడిగాడు. ఆయనకు దిష్టి తెలియదు గానీ, మాకైతే ఆ అనుమానం కూడా వచ్చింది.

జగిత్యాలన్న థర్మామీటరు తీగను మొదట గది మధ్యలో పట్టుకున్నాడు. 24. తర్వాత మిషన్‌ను పూర్తి వేగం మీద నడపమని, అర తలుపు దగ్గరికేసి, తీగ చివరను మిషన్ ముందు ఫ్యాన్ల దగ్గర ఉంచాడు. ఇరవై నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. 29, 33, 37. చివరికి 41 దగ్గర నిలబడింది. తెర మీద ప్రాసెసర్ వంద తాకింది.

"దొరికింది" అన్నాడు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. రేడియేటర్ ఎంత పెద్దదైనా, ఫ్యాన్లు ఎన్నున్నా, నీళ్లు వచ్చే గాలి కంటే చల్లబడవు. చెట్టు కింద కూర్చున్నవాడికి చెట్టు నీడే దక్కుతుంది, ఏసీ దక్కదు. షాపులో 22 డిగ్రీల గాలి పీలిస్తే ప్రాసెసర్ 82లో ఉంది. అంటే గాలి కంటే 60 ఎక్కువ. పని అదే, ఫ్యాన్లు అవే అయితే ఈ 60 దాదాపు మారదు. పీల్చే గాలి 24 అయితే 84. పీల్చే గాలి 41 అయితే 101. మేం బిగించిన దాంట్లో తప్పు లేకపోయినా అది వంద దాటి తీరాల్సిందే.

మరి గది 24లో ఉంటే అరలో 41 ఎందుకైంది? మా ఫ్యాన్లు రేడియేటర్, జల్లెడ అన్నీ దాటించి నిమిషానికి సుమారు రెండున్నర ఘనపు మీటర్ల గాలిని నడుపుతాయని అనుకోండి. 600 వాట్ల వేడి ఆ గాలిలో కలిస్తే అది పన్నెండు డిగ్రీలు వేడెక్కి బయటికొస్తుంది. 24లో వెళ్లింది 36లో వస్తుంది. ఆ 36 గాలికి బయటికి పోయే దారి ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే అరలోనే చుట్టు తిరిగి మళ్లీ ముందు ఫ్యాన్ల దగ్గరికే వస్తుంది. అంతా కాకపోయినా సగం పైన వచ్చినా చాలు. రెండో చుట్టు ఇంకాస్త ఎక్కువ నుంచి మొదలవుతుంది, మూడో చుట్టు ఇంకాస్త.

అన్న అజ్మాన్‌లో చూసిన సంగతి ఒకటి చెప్పాడు. ఒక పాత బిల్డింగులో మధ్యాహ్నం కాగానే ఏసీలు ట్రిప్ అయ్యేవి. వచ్చిన ప్రతి మెకానిక్ గ్యాస్ నింపి డబ్బులు తీసుకుపోయేవాడు. ఈయన వెళ్లి ఔట్‌డోర్ యూనిట్లు చూశాడు. ఇరుకు సందులో ఎదురెదురుగా పెట్టారు. ఇది ఊదిన వేడి గాలి దాని చుట్టూ, అది ఊదింది దీని చుట్టూ. గాలికి పైకి పోయే దారి లేక సందంతా పొయ్యి. రేకుతో మూతులు చేయించి గాలిని పైకి తిప్పాక ట్రిప్ ఆగింది. గ్యాస్ చుక్క కూడా నింపలేదు.

"మన దగ్గర కూలర్ ఎట్ల పెడతం? కిటికీల పెడతం, ఎదురుంగ తలుపు తీస్తం. తలుపు మూస్తే ఏమైతది? ఇల్లంత ఉక్కపోత. మా అమ్మకు తెలుసు గిది. ఇంజనీర్లకు తెల్వది" అన్నాడు. మా ఇద్దరి వంక చూసే అన్నాడు. రాజోలు బావ డిప్లొమా చేశాడు మరి.

పైనా, ముందా?

అర సంగతి తేలాక మిగిలిన ప్రశ్న ఒకటుంది. అది మేం ముందే అడగాల్సింది. రేడియేటర్ పైన ఉండాలా, ముందు ఉండాలా?

ముందు పెడితే రేడియేటర్‌కు గదిలోని తాజా గాలి దొరుకుతుంది. ప్రాసెసర్ హాయిగా ఉంటుంది. కానీ 241 వాట్లు మోసుకుని, నాలుగైదు డిగ్రీలు వేడెక్కిన గాలి కేసులోకి వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఆ ఎంగిలి గాలే పీల్చాలి. పైన పెడితే సీను తిరగబడుతుంది. కార్డుకు తాజా గాలి, దాని 350 వాట్ల వేడి కలిసిన గాలి రేడియేటర్‌కు. అప్పుడు ప్రాసెసర్ ఏడు డిగ్రీల వరకు నష్టపోతుంది. రెండిట్లో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని లేదు. ఎవరికి ఎక్కువ పని పడుతుందో వాళ్లకు తాజా గాలి ఇవ్వాలి, అంతే. ఆ ఇంజనీరును అడిగితే రాత్రి పని రెండూ కలిసి చేస్తాయన్నాడు. కార్డుకు సొంత ఫ్యాన్లే దిక్కు, ప్రాసెసర్‌కు నీళ్ల సెట్టు ఉంది కాబట్టి రేడియేటర్‌ను పైనే ఉంచేశాం.

తోయడం మంచిదా లాగడం మంచిదా అని కూడా అడుగుతుంటారు. ఫ్యాను రేడియేటర్‌కు ముందుండి గాలిని తోసినా, వెనకుండి లాగినా తేడా ఒకటి రెండు డిగ్రీలే. రెండువైపులా ఫ్యాన్లు పెట్టడం 45, 60 మిల్లీమీటర్ల మందం ఉన్న రేడియేటర్లకు పనికొస్తుంది, మెల్లగా తిప్పి చప్పుడు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మరీను. మాది 27 మిల్లీమీటర్లు. ఆ 180 దిర్హాములు దండగ అని అప్పుడు తెలిసింది.

ఫ్యాను కొనేటప్పుడు మాత్రం ఒకటి చూడాలి. డబ్బా మీద రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి ఎంత గాలి నడుపుతుందో, రెండోది అడ్డం ఉన్నప్పుడు ఎంత గట్టిగా తోస్తుందో. రేడియేటర్‌కు రెండోది ముఖ్యం. దోమతెరలో పడుకున్నవాడికి సీలింగు ఫ్యాను గాలి ఎంత తగులుతుందో గుర్తుందా? గాలి బోలెడు ఉంటుంది, తెర దాటే బలమే ఉండదు. రేడియేటర్ రేకుల మధ్య సందు దోమతెర కంటే లోతు. రేకులు దట్టంగా ఉన్నకొద్దీ గట్టిగా తోసే ఫ్యాను కావాలి.

ఇక దుమ్ము. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు దీని గురించి చెప్పడం చేపకు ఈత నేర్పినట్టే. వేసవిలో షమాల్ గాలి లేచిందంటే మూసిన కిటికీలోంచి కూడా మంచాల మీద ఇసుక. ఫ్యాను తోసే పద్ధతిలో ఉంటే దుమ్ము ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య కంబళిలా పేరుకుంటుంది, పైకి కనపడదు. ఫ్యాను విప్పితేనే తెలుస్తుంది. లాగే పద్ధతిలో అయితే రేకుల మీదే కనపడుతుంది, బ్రష్షుతో తుడిచేయొచ్చు. వరికోత మిషన్ నడిపినవాళ్లకు ఇది బాగా తెలుసు, రేడియేటర్ జాలికి పొట్టు పట్టిందంటే ఇంజను కాగిపోతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు గాలి మామూలుగా వెళ్లే దిక్కుకు ఎదురు దిక్కున ఊదాలి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది బొంగరంలా తిరిగి బేరింగ్ పోతుంది. మిషన్ ఆపి, ప్లగ్గు పీకి చేయాల్సిన పని ఇది.

రాత్రి ఏసీ

మిషన్‌ను అరలోంచి తీసి, టేబుల్ పక్కన, గోడకు మూరెడు దూరంలో పెట్టాం. నేల మీద కార్పెట్ నూగు లాగకుండా కింద చెక్క వేశాం. మళ్లీ పూర్తి వేగం. ముందు ఫ్యాన్ల దగ్గర 24. ప్రాసెసర్ 84. అలాగే గంట నిలబడింది. ఇంజనీరు మొహంలో నవ్వు. మేం సంచి సర్దుకుంటున్నాం.

జగిత్యాలన్న లేవలేదు. "రాత్రి ఏసీ నడుస్తదా?" అన్నాడు.

నడవదట. ఎనిమిదింటికి వాచ్‌మన్ ఆపేస్తాడట. జులైలో దుబాయ్‌లో రాత్రి కూడా బయట ముప్పై దాటే ఉంటుంది. ఏసీ ఆపిన గదిలో, ఈ 600 వాట్ల పొయ్యి కూడా పెట్టుకుంటే, తెల్లారేసరికి 33, 34 ఎక్కడికీ పోదు. మిషన్ ఆగిపోయిన రాత్రులన్నీ అవే. మధ్యాహ్నం ఎవరైనా చూసినప్పుడు మాత్రం వంద దగ్గర కుంటుతూ నడిచేది. మళ్లీ అదే లెక్క. 33కి 60 కలిపితే 93. వందకు లోపే, కానీ రోజూ రాత్రంతా ఆ అంచున నడపడం మాకు నచ్చలేదు.

ఏసీ వేసి ఉంచమంటే బిల్డింగు వాళ్లు ఒప్పుకోరన్నారు. అప్పుడు మాకు తోచింది. ప్రాసెసర్ ఎంత కరెంటు తాగాలో మదర్‌బోర్డు సెట్టింగుల్లో హద్దు పెట్టొచ్చు. 241 నుంచి 180కి తగ్గించాం. 60 డిగ్రీల తేడా అదే లెక్కన 45కి దిగుతుంది. 33కి 45 కలిపితే 78. వేగం కొద్దిగా తగ్గింది, పావువంతు కరెంటు తగ్గించినా వేగం అంత తగ్గదు. చివరి వాట్లు ఎప్పుడూ వేడికే ఎక్కువ, పనికి తక్కువ. ఇంజనీరు ఒక బొమ్మను రెండు పద్ధతుల్లోనూ చేసి చూసుకుని సరేనన్నాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆయన నుంచి ఫొటో వచ్చింది. రాత్రంతా నడిచింది, ఎక్కువలో ఎక్కువ 79. రోలా బస్టాండ్ దగ్గర నిలబడి ఆ ఫొటోను మా యజమానికి పంపాం. ఆయన ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. నాలుగు వేల మాట మళ్లీ ఎత్తలేదు. కోసిన 350 వెనక్కి రాలేదు. కడప తమ్ముడు ఆ రోజే ఇంటికి డబ్బు పంపాడు, పెళ్లి శ్రావణంలోనే అయింది.

ఆ వారం సెలవు రోజున అన్నకు బిర్యానీ తినిపించాం. డబ్బిస్తామంటే కసిరాడు. తింటూ తింటూ తన పని బయటపెట్టాడు. కొడుకు జగిత్యాలలో ఇంజనీరింగులో చేరాడు, వాడికి కంప్యూటర్ కొనాలి. "గిట్ల నీళ్లది కొందునా?" అని అడిగాడు.

వద్దన్నాం. చదువుకునే పిల్లవాడికి 65 వాట్ల ప్రాసెసర్ చాలు. దానికి దాంతో పాటు వచ్చే చిన్న ఫ్యాను సరిపోతుంది, ఇంకాస్త చల్లగా కావాలంటే రేకుల టవర్ లాంటి గాలి కూలర్ ఒకటి. అందులో చెడేది ఫ్యాను ఒక్కటే, అది కరీంనగర్‌లోనూ దొరుకుతుంది. నీళ్ల సెట్టులో పంపు పోతే మొత్తం మార్చాలి. కారకపోయినా ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల్లోంచి నీళ్లు కొంచెం కొంచెం ఆవిరైపోతూనే ఉంటాయి. అలాంటి సెట్టుల్లో చాలావాటిని విప్పి నింపేలా చేయరు. ఇక్కడినుంచి కొని కార్గోలో పంపేవాళ్లు ఇదంతా ఒకసారి ఆలోచించుకోవాలి. నీళ్ల సెట్టు అవసరమైన పని ఉన్నవాళ్లు ఉన్నారు, కాదనం. మనలో చాలామంది పిల్లలకు ఆ పని లేదు. మిగిలిన డబ్బుతో యూపీఎస్ కొనిస్తే కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది.

అన్న తల ఊపాడు. వెంటనే ఇంటికి వీడియో కాల్ కలిపి, కంప్యూటర్ పెట్టే గది చూపించమన్నాడు. వదిన ఫోను పట్టుకుని గదంతా తిప్పింది. బీరువాకూ గోడకూ మధ్య సందులో టేబుల్ వేశారు.

"ఆడ వద్దు" అన్నాడు అన్న. "బీరువా ఇవతలికి జరుపుండ్రి. టేబుల్ కిటికీ దిక్కు ఎయ్యి."

"కిటికీ దగ్గర పొద్దుందాక ఎండ కొడ్తది" అంది వదిన.

"ఏ దిక్కు కిటికీ అది?"

"పడమర."

అన్న చేతిలో ముద్ద అలాగే ఉంది. మా వంక చూశాడు. మేం ఉత్తరం వైపు గోడ ఖాళీ ఉందేమో అడగమన్నాం. ఉందట, కాకపోతే అక్కడ బియ్యం డ్రమ్ము ఉంది. డ్రమ్ము జరపడానికి కొడుకును కేకేసింది.